ఎనిమిది బోల్టులున్నంత మాత్రాన చక్రం సరిపోదు
(వార్షిక సమావేశంలో డ్రైవర్లు, గ్యారేజీ కార్మికులతో చేసిన ప్రసంగం)

అన్నలారా, తమ్ముళ్లారా! జీతాల గురించి, అకామాల గురించి పెద్దలు చెప్పారు. నేను చక్రం గురించి చెప్తాను. చిన్న విషయంలా ఉంటుంది గానీ ప్రాణంతోనూ కేసుతోనూ ముడిపడిన విషయం.

ఇక్కడి గల్ఫ్ సైట్లలో మనవాళ్లు నడిపే పెద్ద అమెరికన్ పికప్పులు మీకు తెలుసు: ఫోర్డ్ ఎఫ్-250, షెవర్లే సిల్వరాడో 2500, జీఎంసీ సియెర్రా 2500, రామ్ 2500. టైరు పోతుంది, స్టెప్నీ ఉండదు. "యార్డులో ఇంకో బండి ఉంది కదా, దాని చక్రం పెట్టెయ్" అంటాడు ఫోర్‌మాన్. రెండింటికీ ఎనిమిది బోల్టులే, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మోసం అక్కడే ఉంది. బిగించే ముందు ఆరు సంగతులు చూడాలి.

మొదటిది, బోల్టుల మధ్య దూరం. ఒక రంధ్రం ఎడమ అంచు నుంచి దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న రంధ్రం ఎడమ అంచు దాకా టేపు పెట్టండి. అదే కొలత. 1999 నుంచి ఎఫ్-250కి 170 మిల్లీమీటర్లు. రామ్ 2500కి 165.1, అంటే ఆరున్నర అంగుళాలు. సిల్వరాడో, సియెర్రా 2500లకు 2010 మోడల్ దాకా 165.1, 2011 నుంచి 180. ఒకే కంపెనీ, ఒకే పేరు, అయినా ఏడాది మారితే చక్రం మారింది. ఫోర్డ్‌కీ రామ్‌కీ తేడా ఐదు మిల్లీమీటర్ల లోపే. సుత్తితో కొట్టి, గన్నుతో లాగి ఎక్కించేవాళ్లున్నారు. అలా ఎక్కించిన నట్టు తన గుంటలో కుదురుగా కూర్చోదు. స్టడ్ వంగుతుంది, ఒకరోజు తెగుతుంది.

రెండోది, నడిమి రంధ్రం. రామ్‌కీ పాత సిల్వరాడోకీ బోల్టుల దూరం ఒకటే. కానీ రామ్ హబ్బు సుమారు 121 మిల్లీమీటర్లు, పాత సిల్వరాడో చక్రం రంధ్రం సుమారు 117. అది ఎక్కదు. రంధ్రాన్ని గ్రైండర్‌తో కోయొద్దు.

మూడోది, స్టడ్ మర. పాత రామ్‌కి అంగుళాల మర, 2012 నుంచి 14 మిల్లీమీటర్లు, 1.5 మర. అందుకే నట్టును ముందు వేళ్లతో తిప్పండి. నాలుగైదు చుట్లు తేలిగ్గా తిరగాలి. రెండు చుట్లకే పట్టేస్తే మర వేరన్నమాట. గన్ను పెడితే ఆ తేడా మన చేతికి తెలీదు. నట్టు అడుగు కూడా చూడండి. గరాటులా ఉన్న గుంటకు అలాంటి నట్టే పడాలి. చదును వాషరున్న నట్టు దానికి పనికిరాదు.

నాలుగోది, బ్రేకు. ఎఫ్-250కి 2005 నుంచి బ్రేకులు పెద్దవయ్యాయి. 2004 దాకా వచ్చిన 16 అంగుళాల రిమ్ము బోల్టులకు సరిపోయినా కాలిపర్‌కు తగులుతుంది. చక్రం పెట్టాక, జాకీ దించకముందే, చేత్తో ఒక చుట్టు తిప్పి చూడండి.

ఐదోది, బరువు. రిమ్ము వెనకాల అది మోయగల బరువు అచ్చేసి ఉంటుంది. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్లో వెనక ఇరుసు బరువుంటుంది. అందులో సగం ఒక చక్రం మోయాలి. ఇరుసుకు 2,800 కిలోలుంటే రిమ్ముకూ టైరుకూ చెరి 1,400 తగ్గకూడదు. జనరేటరో నీళ్ల ట్యాంకో ఎక్కించే బండికి ఇది మరీ ముఖ్యం.

ఆరోది, టైరు ఎత్తు. ఒకే ఇరుసుకు అటొక ఎత్తు, ఇటొక ఎత్తు పెడితే డిఫరెన్షియల్ దెబ్బతింటుంది.

అన్నీ కుదిరాకే బిగించండి. ఎదురెదురు నట్లను వరసగా, టార్క్ పానాతో, ఆ బండి పుస్తకంలో రాసినంతే బిగించాలి. వంద కిలోమీటర్లు నడిచాక మళ్లీ చూడాలి.

ఇక అసలు మాట. కుదరదని తేలింది, ఫోర్‌మాన్ వినడం లేదు. ఏం చేయాలి? గొడవ పడొద్దు. టేపు పెట్టి ఫోటో తీసి, "ఇది 165, ఇది 170, చక్రం ఊడిపోతుంది" అని ఆయన ఫోనుకే మెసేజ్ పంపండి. ఆ మెసేజ్ మీ దగ్గరా ఉంచుకోండి. నోటి మాటకు రేపు సాక్ష్యం ఉండదు. హైవే మీద చక్రం ఊడి ఎవరికైనా దెబ్బ తగిలితే, మొదట పట్టుకునేది స్టీరింగ్ దగ్గరున్న మనల్నే. కేసు తేలేదాకా ఇంటికి వెళ్లే దారి మూసుకుపోవచ్చు. ఒకరోజు పని ఆగితే కంపెనీకి ఒకరోజు నష్టం. మనకు ఏదైనా అయితే ఊళ్లో మన ఇల్లే ఆగిపోతుంది.

జేబులో చిన్న టేపు ఒకటి పెట్టుకోండి. భోజనాలయ్యాక బయట పార్కింగ్‌లో రెండు బండ్లున్నాయి. కొత్తగా వచ్చిన తమ్ముళ్లు రండి, చేత్తో కొలిచి చూద్దాం.

సెలవు.