లేసును తిరగేసి చూడండి

అరకు, పాడేరు కొండల్లో ఈమధ్యే క్రోషే సూది పట్టిన అక్కచెల్లెళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

లేసు అనగానే మనకు గుర్తొచ్చేది గోదావరి ఒడ్డున ఉన్న నరసాపురం. అక్కడి ఆడవాళ్లు 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల దగ్గర ఈ అల్లిక నేర్చుకున్నారు. ఆ లేసు సముద్రాలు దాటింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పువ్వులు అల్లేది ఒకరు, వాటిని కలిపి అతుకు పని చేసేది మరొకరు. చూసేవాళ్లు పువ్వును మెచ్చుకుంటారు గాని, లేసు ఎన్నాళ్లు మన్నుతుందో తేల్చేది ఆ అతుకులూ, దారం కొసలే.

కొస ముగించడం ఎలాగంటే, ఆఖరి కుట్టు అయ్యాక జానెడు దారం వదిలి కత్తిరించండి. సూది మీదున్న ఉచ్చులోంచి ఆ కొసను పూర్తిగా లాగి బిగించండి. కొత్తవాళ్లు చాలామంది అక్కడే ఇంకో ముడి వేసి, మొదలంటా కత్తిరించేస్తారు. నాలుగుసార్లు ఉతికేసరికి ముడి జారుతుంది, అల్లిక ఊడిపోతుంది. అలా కాకుండా, మొన మొద్దుగా ఉన్న కుట్టుసూదికి కొస ఎక్కించి, వెనకవైపు కుట్ల కిందుగా రెండంగుళాలు పోనివ్వండి. అక్కడ ఒక్క పోగును చుట్టి, వచ్చిన దారినే వెనక్కి తిప్పండి. అసలు పట్టంతా ఈ మలుపులోనే ఉంది. ఒకే దిక్కుగా పోయిన దారం, లేసు సాగినప్పుడల్లా కొంచెం కొంచెంగా బయటికొస్తుంది. వెనక్కి మళ్లిన దారం అంత తేలిగ్గా కదలదు. రంగు మారిన చోట ఏ రంగు కొసను ఆ రంగు కుట్ల కిందే దాచాలి.

నూలు లేసైతే ఉతికి, పల్చటి గంజి పెట్టి, తువ్వాలు మీద పరిచి, తుప్పు పట్టని గుండుసూదులతో అంచులు సరిచేయండి. ఉన్నికి గంజి వద్దు. మన కొండల్లో వానలప్పుడు తేమ ఎక్కువ. గంజి లేసును పూర్తిగా ఆరనివ్వకుండా మడిస్తే బూజు పడుతుంది. ఎండ కాసేదాకా ఆగండి.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం లేసు కార్మికుల మీద 1982లో ఒక పుస్తకం వెలువరించారు. ఇంటిపట్టున తీరిక వేళల్లో చేసుకునే పని అన్న పేరుతో ఆ ఆడవాళ్ల శ్రమను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదని అందులో చూపించారు. కొసలు దాచే పనిదీ అదే గతి. ఎంత బాగా చేస్తే అంతగా కంటికి కనబడదు, కనబడని పనికి కూలి కట్టాలని ఎవరికీ తోచదు.

ఈసారి సంతలోనో ప్రదర్శనలోనో లేసు చేతికి తీసుకున్నప్పుడు తిరగేసి చూడండి. వెనకవైపు కూడా శుభ్రంగా ఉంటే, బేరమాడకుండా అడిగినంతా ఇచ్చి తీసుకోండి.