తిట్టు జీతంలో భాగం కాదు
(ఫోరం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)

వారానికి దొరికే ఒక్క సెలవు రోజున, బట్టలు ఉతుక్కునే పని కూడా పక్కన పెట్టి, రెండు బస్సులు మారి వచ్చిన అన్నలకు, తమ్ముళ్ళకు దండాలు. ఫోరం పెద్దలు మాకు ఇచ్చిన అంశం "పని ఒత్తిడి". ఒత్తిడి అంటే ఎండ, ఓవర్‌టైమ్, ఊర్లో అప్పు. ఇవి ప్రతి ఏడూ మాట్లాడుకునేవే. మేం సైట్ సూపర్వైజర్లం నలుగురం కూర్చొని, ఈసారి మనం రూమ్‌లో కూడా ఒకరికొకరు చెప్పుకోని ముచ్చట తీద్దాం అనుకున్నాం. పని దగ్గర పడే తిట్లు.

సైట్‌కు కొత్తగా వచ్చిన పిల్లగాడికి హిందీ ఎట్లా వస్తుందో మనందరికీ తెలుసు. "పానా ఇవ్వు", "పైపు పట్టుకో" అనే మాటల కన్నా ముందు తల్లి మీద, చెల్లె మీద పడే మాటలు రెండు వస్తాయి. మొదటి నెల అర్థం కాక నవ్వుతాడు. అర్థమైన రోజు నుంచి తల వంచుకుంటాడు. పక్కనున్నోడు, "సైట్ అన్నంక గట్లనే ఉంటది తమ్మీ, ఈ చెవుతోని విని ఆ చెవుతోని వదిలెయ్" అంటాడు. మంచి కోరే అంటాడు. అట్లా వదిలెయ్యగలిగితే ఆ రాత్రి ఇంటి నుంచి వీడియో కాల్ వచ్చినప్పుడు ఫోన్ బోర్లా పెట్టి దుప్పటి ముసుగు వేసుకోడు గదా. ఫోన్ చేసేది అమ్మ. పొద్దున తిట్టు పడ్డది ఆమె మీదనే.

ఇక్కడ ఒక మాట తేల్చుకోవాలి. అరవడం వేరు, తిట్టడం వేరు. క్రేన్ కింద మనిషి నిలబడితే చెయ్యి జోడించి "దయచేసి జరగండి" అనం. "ఏయ్, పక్కకు జరుగు!" అని గొంతు చించుకుంటాం. ఆ అరుపు ప్రాణం కాపాడే అరుపు. దాన్ని ఎవరూ మనసులో పెట్టుకోరు, సాయంత్రం చాయ్ తాగేటప్పుడు నవ్వుకుంటారు కూడా. మేం మాట్లాడేది మనిషి జరిగిపోయిన తర్వాత కూడా పది మంది ముందు ఐదు నిమిషాల పాటు నడిచే దాని గురించి. అందులో పని మాట ఒక్కటి కూడా ఉండదు.

మరి ఇది ఎక్కడ నుంచి పుడుతుంది? చాలా మంది "వాడి గుణమే అంత" అంటారు. గుణం కొంత ఉంటుంది, కాదనం. కానీ మేం మధ్యలో నిలబడి చూసేది పైసల లెక్క. బిల్డింగ్ ఆలస్యమైతే ఓనర్‌కు మెయిన్ కాంట్రాక్టర్ రోజుకు ఇంత అని కట్టాలి. చాలా కాంట్రాక్టుల్లో అది మొత్తం విలువలో 10 శాతం దాకా పోతుంది. ఆ భయం ప్రాజెక్ట్ మేనేజర్‌కు, అక్కడి నుంచి సబ్ కాంట్రాక్టర్‌కు, ఇంజనీరుకు, ఫోర్‌మన్‌కు దిగుతుంది. ప్రతి మెట్టు మీద ఇంకొంచెం బూతు కలుస్తుంది. చివర హెల్పర్ దగ్గరికి వచ్చేసరికి అతనికి దించడానికి కింద ఎవరూ ఉండరు.

దానికి తోడు కాంక్రీట్. మిక్సర్ బండి గేటు దగ్గరికి వచ్చినప్పుడు టైమ్ మొదలు కాదు, ప్లాంట్‌లో సిమెంటుకు నీళ్ళు తగిలినప్పుడే మొదలవుతుంది. గంటన్నర, రెండు గంటల్లో పోసేయాలి. ఎండాకాలం ఇంకా తొందరగా బిగుస్తుంది, అందుకే ఐస్ కలిపి రాత్రిళ్ళు పోస్తాం. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో పని నిషేధం, అది మంచిదే. కానీ పని తేదీ మాత్రం వెనక్కి జరగదు. గేటు దగ్గర నాలుగు బండ్లు, పంపు మొరాయిస్తున్నది, ఇంజనీరు ఫోన్ మోగుతూనే ఉన్నది. ఆ టైమ్‌లో పక్కన ఎవరు నిలబడితే వాడి తల్లి మీద పడుతుంది.

ఇది మన దగ్గరే అనుకోకండి. కరామాలో, బర్ దుబాయ్‌లో బెడ్ స్పేస్‌లలో ఉంటూ బ్యాంకుల క్రెడిట్ కార్డులు, లోన్లు అమ్మే మన డిగ్రీ పిల్లలు ఉన్నారు. జీతం తక్కువ, కమీషన్ మీద ఆశ. పొద్దున మీటింగ్, బోర్డు మీద పేర్లు, పేరు పక్కన అంకె. నెల చివరి వారం వచ్చేసరికి టీమ్ లీడర్ నోరు మా ఫోర్‌మన్ నోరు ఒక్కటే. టై కట్టుకుంటే తిట్లు తగ్గుతాయని మేమూ అనుకున్నాం. ఇంగ్లీషులోకి మారుతాయంతే. వాళ్ళకు ఇంకో బాధ, రాత్రి పదకొండింటికి కూడా వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ వస్తుంది. మనకు సైట్ గేటు దాటితే కొంత విడుదల. వాళ్ళకు ఆ గేటు జేబులోనే ఉంటుంది.

"తిడితేనే పని నడుస్తది" అనే వాళ్ళకు ఒక్క సంగతి చెప్తాం. ఒక సైట్, పేరు వద్దు. రాత్రి స్లాబ్ పోరింగ్, మా షిఫ్ట్ కాదు. బీమ్ కింద ఒక ప్రాప్‌కు అసలు పిన్ను లేదు, బదులు ముక్క రాడ్డు దూర్చారు. జగిత్యాల వైపు పిల్లగాడు, హెల్పర్, అది చూసిండు. అంతకు ముందు అరగంట కింద వేరే ఏదో అడిగినందుకు ఇరవై మంది ముందు తిట్లు తిన్నడు. అందుకని నోరు మూసుకున్నడు. సగం పోసినంక రాడ్డు వంగింది, బీమ్ అడుగు దిగింది. కింద ఉన్న కార్పెంటర్ చప్పుడు విని కేక వేశాడు కాబట్టి అందరూ బయటపడ్డారు. పొద్దున మేం పోయేసరికి గట్టిపడ్డ కాంక్రీట్ పగలగొడుతున్నారు. ఆ పని నాలుగు రోజులు నడిచింది. సేఫ్టీ ఆఫీసర్ అడిగితే పిల్లగాడు చెప్పింది ఇంతే: "నేను జూసిన సార్. చెప్తే మళ్ళ తిడ్తడని చెప్పలే."

ఆ తిట్టు వల్ల మిగిలిన టైమ్ ఎంత, పోయిన టైమ్ ఎంత, కంపెనీ వాళ్ళే లెక్క వేసుకోవాలి. తిట్లు తినే మనిషి పని ఆపడు, నిజం చెప్పడం ఆపేస్తాడు. సైట్‌లో అంతకన్నా ప్రమాదం ఇంకొకటి లేదు.

ఇక చట్టం. యూఏఈ కార్మిక చట్టం, 2021 నాటి 33వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టం, 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది. దాని 14వ ఆర్టికల్ ప్రకారం యజమాని గానీ, పై అధికారి గానీ, తోటి పనివాడు గానీ కార్మికుడి మీద మాటతో, చేత్తో, మానసికంగా హింస చేయడం నిషేధం. మాటతో అని స్పష్టంగా రాసి ఉంది. 45వ ఆర్టికల్ ఇంకో దారి ఇస్తుంది. యజమాని గానీ అతని ప్రతినిధి గానీ దాడి, హింస, వేధింపు చేసినట్టు రుజువైతే నోటీసు లేకుండా పని మానేయవచ్చు, రావలసిన సర్వీసు డబ్బులు పోవు. కాకపోతే చెప్పుకోగలిగిన రోజు నుంచి ఐదు పని దినాల్లో అధికారులకు, కార్మిక మంత్రిత్వ శాఖకు తెలపాలి. కోపంలో చెప్పకుండా క్యాంప్ వదిలిపోతే మాత్రం "పారిపోయిండు" అని రిపోర్ట్ పెట్టే అవకాశం మనమే కంపెనీకి ఇచ్చినట్టు. నిజమైన ఫిర్యాదు చేసినందుకు తీసేస్తే అది అన్యాయపు తొలగింపు, 47వ ఆర్టికల్ కింద మూడు నెలల జీతం దాకా పరిహారం ఇప్పించవచ్చు. ఇళ్ళలో పని చేసే వాళ్ళకు వేరే చట్టం ఉంది. దుబాయ్‌లో డీఐఎఫ్‌సీ లోపలి ఆఫీసులకూ వాళ్ళ సొంత చట్టమే. అక్కడ పని చేసే తమ్ముళ్ళు ఈ నంబర్లు పట్టుకొని వాదించకండి, ముందు అడిగి తెలుసుకోండి.

ఇదే చట్టం మన మీదకు కూడా తిరుగుతుంది. తిరిగి బూతు తిడితే 44వ ఆర్టికల్ కింద నోటీసు లేకుండా తీసేసే వీలుంది. మొదట తిట్టింది ఎవరని ఆఫీసులో ఎవరూ అడగరు, సాక్షులు కూడా ఆయన మనుషులే. ఫోన్‌లో తిడితే ఇంకా పెద్దది. 2021 నాటి 34వ నంబరు సైబర్ చట్టం కింద జైలు గానీ, 2,50,000 నుంచి 5,00,000 దిర్హమ్‌ల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. అంత డబ్బు మనం ఈ జన్మలో పంపలేం. అదే చట్టం తిట్టే టీమ్ లీడర్‌కు కూడా వర్తిస్తుందని మన డిగ్రీ పిల్లలు గుర్తుపెట్టుకోవాలి. కాబట్టి వచ్చిన మెసేజ్‌లు, వాయిస్‌లు తుడిచేయకండి. కానీ దొంగచాటుగా రికార్డ్ చేసి గ్రూపుల్లో వదలకండి. అనుమతి లేకుండా ఒకరి మాట రికార్డ్ చేయడం, పంచడం ఇక్కడ నేరం. ఊర్లో చేసినట్టు ఇక్కడ చేస్తే ఫిర్యాదు చేసినోడే ముద్దాయి అవుతాడు.

రికార్డ్ వద్దంటే రుజువు ఎట్లా అని అడుగుతారు. చిన్న నోట్ బుక్. తేదీ, టైమ్, ఏ అంతస్తు, ఏమన్నాడు, ఎవరు విన్నారు. తెలుగులో రాసినా పర్లేదు. ఆ రోజే రాయాలి. ముందు హెచ్‌ఆర్‌కు గానీ క్యాంప్ బాస్‌కు గానీ రాతలో ఇవ్వండి. వినకపోతే కార్మిక శాఖ నంబరు 80084. మన కాన్సులేట్ తరఫున దుబాయ్‌లో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది, ఫ్రీ నంబరు 80046342.

చివరగా ఈ సభలో కూర్చున్న ఫోర్‌మన్ అన్నలకు, ఛార్జ్‌హ్యాండ్ అన్నలకు. మనోడు కుర్చీ ఎక్కితే తిట్లు తగ్గుతాయని క్యాంప్‌లో అందరూ ఆశపడతారు. చాలా చోట్ల తగ్గలేదు, భాష మాత్రం తెలుగైంది. తెలుగులో తిడితే రెట్టింపు తగులుతుంది, ఎందుకంటే అర్థం చేసుకోవడానికి నెల పట్టదు. పొద్దున టూల్‌బాక్స్ టాక్ హిందీలోనో ఇంగ్లీషులోనో అయిపోయాక, మన పిల్లల్ని పక్కకు పిలిచి రెండు నిమిషాలు తెలుగులో అడగండి: "నిన్న ఏమన్న తేడా కనిపించిందా తమ్మీ?" పోరింగ్ ఉన్న రాత్రి తప్పకుండా అడగండి. మొదటి వారం ఎవ్వరూ చెప్పరు. రెండో వారం ఒకడు చెప్తాడు. అతను చెప్పింది తప్పైనా సరే, ఆ రోజు నవ్వకండి.

భోజనాలు అయ్యాక వెనక టేబుల్ దగ్గర మా వాళ్ళు ఇద్దరు ఉంటారు. ఫోన్‌లో అట్లాంటి మెసేజ్‌లు ఉన్నవాళ్ళు, నోట్ బుక్ ఎట్లా రాయాలో తెలియనివాళ్ళు అక్కడ కలవండి. కంపెనీ పేరు గట్టిగా చెప్పాల్సిన పని లేదు.