హైదరాబాదు ఆశ్వికుడు ఎల్ ఎద్రూసు



ఢిల్లీ తీన్‌మూర్తి కూడలియందు నిలిచియున్న మూడు విగ్రహములు హైదరాబాదు, మైసూరు, జోధపూరు సంస్థానముల ఆశ్వికదళములకు గుర్తులు. మొదటి ప్రపంచయుద్ధమున ఈ మూడు దళములును 15వ ఇంపీరియల్ సర్వీసు ఆశ్విక బ్రిగేడునందు చేరి పశ్చిమాసియాకు తరలినవి. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణమును గెలిచినవారు జోధపూరు, మైసూరు రౌతులు.

ఆ యుద్ధమున హైదరాబాదు దళమునందు పనిచేసిన యువకుడు సయ్యదు అహమ్మదు ఎల్ ఎద్రూసు. ఆయన అరబ్బు సంతతివాడు. గుఱ్ఱముపై ఆరంభమైన ఆయన కొలువు రెండవ ప్రపంచయుద్ధకాలమునకు నిజాము సేనల నాయకత్వమువరకు పెరిగెను. 1941 డిసెంబరున ఆ సేనలలోని ఒక పదాతిదళము మలయాలోని కోటబారు విమానాశ్రయమునకు కావలి యుండి జపాను దాడి నెదుర్కొనెను.

1948 సెప్టెంబరు 13న భారతసేన షోలాపూరు దారిన సంస్థానమున ప్రవేశించెను. ఈమారు ముందు నడచినవి గుఱ్ఱములు కావు, ట్యాంకులు. రజాకార్ల దౌర్జన్యములచే పల్లెలు అప్పటికే నలిగియుండెను. 17న నిజాము కాల్పుల విరమణ ప్రకటించెను. మరునాడు ఎద్రూసు మేజర్ జనరల్ చౌధురికి లొంగి సేన నప్పగించెను. చౌధురియు ఆశ్వికదళమున పెరిగినవాడే.

ప్రజల వేదన ఆనాటితో తీరలేదు. పిమ్మట జరిగిన హింసలో అమాయకులైన ముస్లిములు పెక్కుమంది ప్రాణములు కోల్పోయిరి. అయినను రాజధాని వీథులు రణరంగములు కాలేదు. గెలిచిన దాడికి విగ్రహములు లేచును. వ్యర్థమైన పోరును ఆపిన ఆజ్ఞకు విగ్రహ ముండదు. నిలిచిన నగరమే దానికి సాక్షి.