కారులో ఉపగ్రహ రేడియో: కొనే ముందు ఒక మాట
(ఉండిలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామందిమి పిల్లల దగ్గరకు అమెరికా వెళ్ళి వస్తున్నాం. అక్కడ కారెక్కితే వందల మైళ్ళు పోయినా స్టేషను మారకుండా పాట వినబడుతూనే ఉంటుంది. అదే శాటిలైట్ రేడియో. తిరిగి వచ్చాక మన కారులోనూ ఒకటి పెట్టించుకుంటే బాగుండును అనిపిస్తుంది. నాకూ అనిపించింది. మా ఆవిడకు చూపు బాగా తగ్గింది. ఆకివీడు, కైకలూరు మీదుగా ఏలూరులో కంటి డాక్టరు దగ్గరకు నెలనెలా వెళ్ళాలి. దారి పొడుగునా పాటలుంటే బాగుంటుందని ఆమె అడిగింది. నలభై ఏళ్ళలో ఆవిడ అడిగినవి తక్కువ.

అల్లుడుగారు తాను వాడి పక్కన పెట్టిన రిసీవరు తెచ్చి ఇచ్చారు. ఇక్కడ ఒక షాపులో బిగించారు. పెట్టె వెలిగింది గాని పలకలేదు. అమెరికాలోని సిరియస్ ఎక్స్‌ఎం ఉపగ్రహాల ప్రసారం ఉత్తర అమెరికాకే పరిమితమని తరువాత తెలుసుకున్నాను. ముందే అడిగి ఉండవలసింది.

మనకూ ఒకప్పుడు ఉపగ్రహ రేడియో ఉండేది. 2000 మార్చిలో ఆసియాస్టార్ ఉపగ్రహాన్ని ప్రయోగించారు. దాని ద్వారా వరల్డ్‌స్పేస్ వారు చందా మీద ప్రసారాలు చేశారు. అందులో ‘స్పందన’ అని తెలుగు ఛానలు కూడా ఉండేది. ఆ ఉపగ్రహం 105 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉండేది. కనుక ఉండిలో అయితే ఏంటెనాను ఆగ్నేయానికి, అంటే ఇంచుమించు భీమవరం వైపు, నడినెత్తికీ దిగంతానికీ మధ్య సగం కంటే కాస్త పైకి తిప్పాలి. ఇల్లు కదలదు గనుక ఒకసారి సరిచేస్తే చాలు. కారు అలా కాదు. మలుపు తిరిగితే దిక్కు మారుతుంది, కొబ్బరిచెట్టు అడ్డం వస్తే పాట తెగుతుంది. అమెరికాలో కారు కప్పు మీద అన్ని వైపులా అందుకునే ఏంటెనా పెట్టారు, పెద్ద ఊళ్ళలో నేల మీద రిపీటర్లు కట్టారు. మన దగ్గర కార్లకు ఆ ఏర్పాటు జరగలేదు. 2008లో ఆ కంపెనీ అమెరికాలో దివాలా పిటిషను వేసింది. 2009 డిసెంబరు 31తో ఇక్కడి ప్రసారాలు ఆగిపోయాయి. పాత సామాన్ల దుకాణంలో ఆ పెట్టె ఎంత చవకగా కనబడినా కొనకండి.

మరి కారులో ఏం పెట్టించుకోవాలి? ఫోనుతో బ్లూటూత్ కలిసేది, పెన్‌డ్రైవ్ పట్టేది అయిన మామూలు స్టీరియో చాలు. ఆకాశవాణి ఇంటర్నెట్ ద్వారా ఫోనులోనే వస్తోంది. సెల్ సిగ్నలు అందని చోట పెన్‌డ్రైవ్ ఆదుకుంటుంది. మీడియం వేవ్ కావాలనుకునేవారు స్టీరియోకు ఏ.ఎం. ఉందో లేదో అడిగి మరీ తీసుకోండి, కొన్నింటికి ఎఫ్.ఎం. ఒక్కటే ఉంటుంది. ఉన్నా, కరెంటు లైన్ల కింద గరగర తప్పదు.

బిగించేటప్పుడు మాత్రం పక్కనే నిలబడండి. బయట కొనే స్టీరియోలకు సాధారణంగా పసుపు తీగ బ్యాటరీకి నేరుగా వెళ్ళాలి. గడియారం, స్టేషన్ల జ్ఞాపకం దాని మీదే నిలుస్తాయి. ఎర్ర తీగకు తాళం తిప్పినప్పుడే కరెంటు రావాలి. నల్లది కారు ఇనుప బాడీకి, రంగు గీకిన చోట గట్టిగా బిగించాలి. దారిలో ఫ్యూజు తప్పనిసరి. నేను రెండోసారి పెట్టించిన స్టీరియోకు కుర్రాడు పసుపు, ఎరుపు రెండూ కలిపి బ్యాటరీకే చుట్టాడు. తాళం తీసినా సెట్టు కరెంటు తాగుతూనే ఉంది. నాలుగో రోజు తెల్లవారుజామున కారు స్టార్టు కాలేదు. ఆ రోజే ఏలూరు వెళ్ళవలసింది. డాక్టరుగారి తేదీ పోయింది, మళ్ళీ దొరకడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఇప్పుడు తీగలు సరిచేయించాను. మనవడు పెన్‌డ్రైవ్‌లో పాత పాటలు నింపి ఇచ్చాడు. ఆటపాక దగ్గరకు రాగానే మాత్రం ఆవిడ పాట ఆపమంటుంది. గూడబాతులు వచ్చాయా, ఎన్ని ఉన్నాయని అడుగుతుంది. నేను లెక్కపెట్టి చెబుతాను.

కారు బయటే ఉంది. టీ తరువాత వస్తే తీగలు చూపిస్తాను. సెలవు.