కరువు కబురు వినే చెట్టు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ!

మార్కాపురం, గిద్దలూరు, దోర్నాల వైపు మనకు కరువు కొత్త కాదు. నల్లమల రాళ్లలో పెరిగే తపసి చెట్టుకు ఎవరూ నీళ్లు పోయరు. చలి తగ్గేసరికి ఆకంతా రాల్చి, ఆ మోడు మీదే పూస్తుంది. చెట్టుకు కరువు సంగతి ఎలా తెలుస్తుంది?

ఆకుల మీద కంటికి ఆనని రంధ్రాలుంటాయి. గాలి లోపలికి వెళ్లేదీ, నీరు ఆవిరై పోయేదీ వాటిలోంచే. నేల ఎండితే చెట్టులో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరుగుతుంది. నీళ్లు తగ్గాయన్న కబురు అదే. ఆ కబురు అందుకునే ప్రోటీన్లు గ్రాహకాలు. వాటిని తయారుచేసే సూచన జన్యువుల్లో ఉంటుంది. హార్మోను తగలగానే గ్రాహకం, రంధ్రం మూతపడకుండా అడ్డుకునే మరో ప్రోటీన్‌ను పట్టేస్తుంది. అడ్డు తొలగి, రంధ్రం అంచు కణాలు నీరు వదిలి మెత్తబడతాయి. రంధ్రం మూసుకుంటుంది.

ఈ గ్రాహకాలను 2009లో ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో గుర్తించారు. అందులో ఇవి 14 రకాలు. తర్వాత పోప్లార్ చెట్లలో ఇలాంటి జన్యువులను ఎక్కువగా పనిచేయిస్తే, ఆ మొక్కలు కరువును మెరుగ్గా తట్టుకున్నాయి. అయితే రంధ్రం మూస్తే గాలీ అందదు, చెట్టుకు తిండి తగ్గుతుంది, ఎదుగుదల మందగిస్తుంది. అందుకే ఒక్క జన్యువుతో పని జరగదు. లోతైన వేరు, ఆకు రాల్చే వేళ, మందమైన బెరడు, అన్నీ కలవాలి.

2018లో కోయంబత్తూరు అటవీ శాస్త్రవేత్తలు టేకు జన్యుక్రమాన్ని ప్రచురించారు. రేపు మన అడవి చెట్ల వంతు రావచ్చు. అప్పుడు ఏ గుట్ట మీద ఏ చెట్టు ఎండకు నిలిచిందో ఎవరు చెప్పాలి? ఆ లెక్క మన పెద్దల నోట ఉంది. వాళ్లతో అడవికి వెళ్లండి. చెట్టు పేరు, చోటు, ఆకు రాలిన నెల, చిగురించిన నెల రాసిపెట్టండి. 2006 అటవీ హక్కుల చట్టం జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద మన సమాజానికి హక్కు ఇచ్చింది. కాబట్టి మన జ్ఞానం ఎవరైనా అడిగితే, గూడెమంతా కూర్చుని మాట్లాడాకే ఇవ్వండి.

ఇంకొక్క మాట. బంక కోసం తపసికి లోతుగా గాట్లు పెట్టకండి. కరువుకు చావని చెట్టు గొడ్డలి గాటుకు చస్తుంది. మీలో వృక్షశాస్త్రం చదివేవాళ్లు రావాలి, చెట్టును చూసి పేరు చెప్పగలిగేవాళ్లూ ఉండాలి. ఆ రెండూ ఒకే మనిషిలో కలిస్తే మన అడవికి అంతకన్నా అండ లేదు.