చోళవరం పందెపు నేల



మన కోలారు మీదుగా చెన్నైకి పోయే బస్సు ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు, రాణిపేట దాటి శ్రీపెరంబుదూరు చేరిన తర్వాత ఇరుంగాట్టుకోట్టై అనే ఊరు వస్తుంది. అక్కడ కార్లకు, మోటారు సైకిళ్ళకు పందేలు జరిగే మైదానం ఉంది. 1990లో మొదలైన ఈ మైదానం పేరు చాలామంది వినే ఉంటారు. అయితే దీనికంటే ముందు, దాదాపు నలభై ఏళ్లపాటు, దక్షిణ దేశమంతా ఎదురుచూసిన పందేలు జరిగిన చోటు ఇది కాదు. ఆ చోటు పేరు చోళవరం. అనకాపల్లి దగ్గరి చోడవరం అని పొరబడకండి. ఇది చెన్నై నుంచి నెల్లూరుకు పోయే దారిలో, రెడ్‌హిల్స్ దాటాక, మద్రాసు నగరానికి తాగునీరిచ్చే పెద్ద చెరువు ఉన్న చోళవరం. అక్కడి నుంచి ఉత్తరానికి పోతూ ఉంటే గుమ్మిడిపూండి, ఆపైన మన తెలుగు సీమే. అంటే ఇదీ మనలాంటి సరిహద్దు ఊరే.

ఈ కథ నాకు మొదట చెప్పినవాడు మా పెద్దనాయన. రాబర్ట్‌సన్‌పేటలో మోటారు సైకిళ్ళు బాగుచేసేవాడు. ఏటా పందేల వేళకు మారికుప్పం బండెక్కి బంగారుపేటలో దిగి, అక్కడ మద్రాసు రైలు పట్టుకునేవాడు. తిరిగి వచ్చాక నెల రోజులు ఇంట్లో వేరే మాట ఉండేది కాదట!

ఇంతకూ అక్కడ పందెపు నేల ఎలా వచ్చింది? రెండవ ప్రపంచ యుద్ధం తెచ్చింది. 1942 ఏప్రిల్‌లో జపాను విమానాలు మన విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన సంగతి మీకు తెలుసు. ఆ యుద్ధకాలంలో కట్టిన విమానపు దారుల్లో చోళవరం ఒకటి. యుద్ధం ముగిసింది, విమానాలు పోయాయి, వెడల్పాటి గట్టి దారి మాత్రం ఎండలో పడి ఉంది. 1953లో ఏర్పడిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వారు ఆ దారినే పందేలకు వాడుకున్నారు. యుద్ధానికని వేసిన నేల ఆటకు పనికి వచ్చిందన్నమాట.

విదేశాల్లో స్పీడ్‌వే అని మోటారు సైకిళ్ళ ఆట ఒకటి ఉంది. కోడిగుడ్డు ఆకారంలో మట్టి బాట, చుట్టూ జనం కూర్చునే మెట్లు. బండికి బ్రేకులుండవు. నలుగురు బయలుదేరి, ఎప్పుడూ ఎడమకే తిరుగుతూ, నాలుగు చుట్లు వేస్తారు. చోళవరంలో అటువంటి హంగులేమీ లేవు. విమానపు దారి మీద గుర్తులు పెట్టి మలుపులు ఏర్పరచేవారు. నీడ తక్కువ, దుమ్ము ఎక్కువ. అయినా వేల జనం వచ్చేవారు.

ఆ రోజుల్లో విదేశీ బండ్లు తెప్పించుకోవడం ఎంతో కష్టం. అందుచేత ఉన్న బండినే విప్పి, రాకి, అరగదీసి, వేగం పుట్టించాలి. మద్రాసులో తయారైన ఎన్‌ఫీల్డ్ బండ్లు, మన మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన జావా, యెజ్డీ బండ్లు అక్కడ పోటీ పడేవి. జావా అన్నది చెక్ దేశపు పేరు. స్పీడ్‌వే బండ్లలోనూ అది ప్రపంచ ప్రసిద్ధి పొందింది. బండి నడిపినవాడికి చప్పట్లు దక్కేవి. రాత్రంతా మేలుకుని ఇంజను సరిచేసిన మెకానిక్కు పేరు మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. మా పెద్దనాయన చూడడానికి పోయింది ఆ చేతులనే.

అయితే వేగం పెరిగేకొద్దీ నేల చాలకుండా పోయింది. విమానం నేరుగా పరుగెత్తడానికి వేసిన దారి అది. మలుపు తిరిగే బండి కోసం వేసింది కాదు. పైగా అది క్లబ్బు సొంత నేల కాదు. సొంతంగా, పందేల కోసమే కట్టుకున్న బాట కావాలనుకున్నారు. అదే ఇరుంగాట్టుకోట్టై. 1996లో మైసూరు ఫ్యాక్టరీ కూడా మూతపడింది.

విద్య మాత్రం పోలేదు. కోయంబత్తూరుకు చెందిన కరివర్ధన్ 1980లలో మారుతి ఇంజనుతో ఒక మనిషి కూర్చునే పందెపు కార్లు తయారుచేసి, కుర్రవాళ్లకు దారి చూపారు. 1995లో చిన్న విమాన ప్రమాదంలో ఆయన కన్నుమూశారు. ఆ కోయంబత్తూరు నుంచే వచ్చిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ పందెంలో దిగిన తొలి భారతీయుడయ్యాడు.

ఇక్కడ లండన్ నగరపు ఉదాహరణ ఒకటి చెప్పాలి. అక్కడ వెస్ట్ హామ్ స్టేడియం అని 1928లో తెరిచిన పెద్ద స్పీడ్‌వే మైదానం ఉండేది. 1972లో దాన్ని మూసివేసి, పడగొట్టి, ఇళ్లు కట్టారు. మైదానం పోయింది. కాని ఆ ఇళ్ల మధ్య వీధులకు పందెగాళ్ల పేర్లు పెట్టారు. 1938లో ప్రపంచ విజేత అయిన బ్లూయీ విల్కిన్సన్ పేర ఇప్పటికీ అక్కడొక వీధి ఉంది. ఉత్తరం అందించే పోస్టుమాను కూడా రోజూ ఆ పేరు చదవవలసిందే.

ఇది చదివినప్పుడు నాకు మన ఊరే మనసులో మెదిలింది. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట — మన ఊళ్ల పేర్లు చూడండి. దొరల పేర్లు నిలిచాయి. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు తెచ్చుకున్న గనులు 2001లో మూతపడ్డాయి. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగినవాళ్లు, పైకి వచ్చాక సాయంత్రం మైదానంలో బంతి తన్నినవాళ్లు, వాళ్ల బండ్లు, పంపులు, యంత్రాలు బాగుచేసినవాళ్లు — వీరి పేరున ఎన్ని వీధులున్నాయి? పోయిన ఏడాది మా తరగతిలో ఇదే అడిగాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక అమ్మాయి మాత్రం లేచి, "మా తాత పేరు రేషను కార్డులో ఉంది సార్" అన్నది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

వీధికి పేరు పెట్టడం మన చేతిలో లేకపోవచ్చు. నోటుపుస్తకం మన చేతిలోనే ఉంది. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ ఆదివారం పక్కన కూర్చోండి. ఏ గనిలో పనిచేశారు, ఏ మైదానంలో ఆడారు, పక్కన ఎవరున్నారు, ఏ సంవత్సరం — అడిగి రాసిపెట్టండి. తెలుగులో రాసినా, కన్నడంలో రాసినా, తమిళంలో రాసినా సరే. మా పెద్దనాయన చెప్పిన మెకానిక్కుల పేర్లు నేను రాసుకోలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు.

కథ కంచికి, మనం ఇంటికి అంటాం. మన కథ కంచికి పోకముందే ఒక కాగితం మీదికి ఎక్కనిద్దాం.