గెలుపుకు అక్కరలేని చుక్కలు



ఎవరి స్మృతిలో మనం ఇక్కడ కూర్చున్నామో ఆ మాస్టారు మాకు లెక్కలు చెప్పేవారు. వేసవి రాత్రుల్లో డాబా ఎక్కించి చిత్త, స్వాతి చూపించేవారు. అవి పరీక్షలో రావు. వీడియో గేముల్లోని 'పనికిరాని' సంగతుల గురించి మాట్లాడాలనుకున్నప్పుడు నాకు ఆ డాబాయే గుర్తొచ్చింది. ఈ చరిత్ర కూడా చుక్కలతోనే మొదలవుతుంది మరి.

1962లో, అమెరికాలోని ఎంఐటీలో, పీడీపీ-1 అనే కంప్యూటర్ మీద స్టీవ్ రసెల్, అతని మిత్రులు 'స్పేస్‌వార్' అనే ఆట తయారుచేశారు. రెండు నౌకలు, మధ్యలో వాటిని లాగేసే సూర్యుడు, ఒకదాన్నొకటి కూల్చుకోవడం, అంతే. నెమ్మదిగా సాగే నౌక కదులుతోందో లేదో తెలియడానికి వెనక కొన్ని చుక్కలు కావలసివచ్చాయి. ఎలా పడితే అలా చల్లారు. పని జరిగిపోయింది. కాని పీటర్ శామ్సన్ అనే కుర్రవాడికి ఆ ఉత్తుత్తి ఆకాశం నచ్చలేదు. ఖగోళ పంచాంగం ముందు పెట్టుకుని, ఖగోళ మధ్యరేఖకు అటూ ఇటూ 22.5 డిగ్రీల మేర కనిపించే నిజమైన నక్షత్రాలను ఎక్కించాడు. ప్రకాశంలో హెచ్చుతగ్గులు కూడా చూపించాడు. 'ఎక్స్‌పెన్సివ్ ప్లానెటేరియం' అని పేరు పెట్టాడు. మన మఖ, చిత్త, స్వాతి, శ్రవణం ఆ పట్టీలోవే. హైదరాబాదు నడినెత్తికి ఒక్క డిగ్రీ ఎడంలో సాగిపోయే రోహిణీ అందులోదే. నౌకలు వాటికి తగలవు. వాటివల్ల ఒక్క పాయింటూ రాదు. చుక్కలు ఉండటం ఆటకు అవసరం, అవి నిజమైనవి కావడం అవసరం కాదు. నేను చెప్పదలచుకున్నదంతా ఈ కాస్త తేడాలోనే ఉంది.

తరువాతి ఆటల్లోనూ ఇలాంటి అక్కరలేని సంగతులు కనిపిస్తాయి. 1992 నాటి 'అల్టిమా 7'లో పిండి పోసి, నీళ్లు కలిపి, ముద్దను పొయ్యిలో పెట్టి రొట్టె కాల్చుకోవచ్చు. ఒక్క రొట్టె కాల్చకుండా కథ ముగించనూ వచ్చు. 1996లో వచ్చిన 'సూపర్ మారియో 64'లో కోట బయటి తోటలో శత్రువే ఉండడు. చెట్టెక్కడం, ఈదడం, పిల్లిమొగ్గలు వేయడం మన ఇష్టం. మనం ఊరుకుంటే మారియో నిద్రపోతాడు.

నా మనసుకు బాగా దగ్గరైనది మాత్రం 'షెన్మూ'. 1999 డిసెంబరులో జపాన్‌లో సెగా కంపెనీ డ్రీమ్‌కాస్ట్ అనే గేమ్ యంత్రం మీద వచ్చింది. యు సుజుకి రూపొందించిన ఆట. కథ 1986లో యోకోసుకా ఊళ్లో మొదలవుతుంది. తన కళ్లెదుటే తండ్రిని చంపినవాడి కోసం ర్యో అనే కుర్రవాడు వెతుకుతుంటాడు. ఈలోగా మనం అతని ఇంట్లో సొరుగులు ఒక్కొక్కటే లాగి చూడవచ్చు. బొమ్మల యంత్రంలో వంద యెన్లు వేసి బుల్లి బొమ్మ తీసుకోవచ్చు. గుడి దగ్గర తల్లి పోయిన పిల్లికూన ఒకటి ఉంటుంది, దాన్ని ఓ చిన్నపిల్ల సాకుతుంటుంది. ర్యో వెళ్లి దానికి తిండి పెట్టవచ్చు. ఎన్నిసార్లు పెట్టినా హంతకుడి జాడ దొరకదు. కాని పగతో రగిలిపోయే ఆ అబ్బాయి ఎలాంటివాడో నాకు తెలిసింది పోట్లాటల్లో కాదు, ఆ పిల్లికూన దగ్గర. సొరుగులు తెరవడం కాలయాపన అని విసుక్కున్నవారున్నారు. నేను వారితో ఏకీభవించను. ఆ ఇల్లు మనం గెలవడానికి వేసిన సెట్టింగు కాదు, అక్కడ మనుషులు బతుకుతున్నారు అని ఆ సొరుగులే నమ్మించాయి.

2005లో ఎక్స్‌బాక్స్ 360 అనే గేమ్ యంత్రం వచ్చాక ఆటల్లో చిల్లర పనులకు కూడా పాయింట్లు, పతకాలు అంటించడం అలవాటైంది. ఇది నాకు బాధ కలిగిస్తుంది. పిల్లికూనకు పదిసార్లు తిండి పెడితే పతకం అన్నారనుకోండి, పదకొండోసారి ఎవరు పెడతారు? ప్రేమగా చేసిన పని కూలిపని అయిపోతుంది.

ఈ సభలో ఆటలు తయారుచేసే యువతీయువకులు ఉన్నారు. గడువు దగ్గరపడినప్పుడు ముందు కొట్టేసేవి ఇలాంటివే అని నాకు తెలుసు. ఒక్కటైనా ఉంచండి. దానికి పాయింట్లు పెట్టకండి.

పెద్దలకు ఇంకొక మనవి. కాలిఫోర్నియాలో మౌంటెన్‌వ్యూలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో బాగుచేసిన పీడీపీ-1 ఉంది, దాని మీద స్పేస్‌వార్ ఆడి చూపిస్తారు. మన పిల్లలు చాలామంది ఆ చుట్టుపక్కలే ఉన్నారు కదా. వారి దగ్గరికి వెళ్లినప్పుడు ఒకసారి చూసి రండి. నౌకలను కాసేపు వదిలేసి, వెనక రోహిణి ఎక్కడుందో వెతకండి.